చేత్తో అల్లిన స్వెట్టర్‌కి తలంటు పోసినట్టే ఉతకాలి

నిజాంపేట నుంచి అడిగారు కదా, మీ అమ్మమ్మగారు ఎనభై ఏళ్ళ వయసులో మీ ఆయనకి మెరూన్ తెలుపు కలిపి ఒక స్వెట్టర్, ఎనిమిది నెలల పాపకి తెల్ల స్వెట్టరూ టోపీ అల్లి పంపారని, టోపీని మెషిన్లో వేస్తే కుంచించుకుపోయి అట్టలా అయిపోయిందని. ఇప్పుడు చలి తగ్గింది, మిగతా రెండూ ఉతికి దాచాలి, పక్కింటావిడ డ్రై క్లీనింగ్‌కి ఇమ్మంటున్నారు, మీ ఆడపడుచు మెషిన్లో వూల్ మోడ్ పెడితే చాలంటున్నారు, మీకొచ్చేది బోరు నీళ్ళు, కలరా ఉండలు వేయొచ్చా లేదా, మోచేతి దగ్గర ఒక పోగు లేచింది దాన్నేం చేయాలి. ఇవీ మీ ప్రశ్నలు. చాలామందికి ఉండే సందేహాలే కాబట్టి వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను స్వెట్టర్లు అల్లడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. పెళ్ళై మారేడ్‌పల్లి వచ్చినప్పుడు మా పక్క వాటాలో ఒక మిలిటరీ ఆయన కుటుంబం ఉండేది, వాళ్ళది హిమాచల్ వైపు, ఆవిడ దగ్గరే సీదా ఉల్టా కుట్లు వేయడం నేర్చుకున్నా. అల్లడం ఆర్నెల్లలో వచ్చేసింది, ఉతకడం మాత్రం సరిగ్గా తెలియడానికి రెండు మూడేళ్ళు పట్టింది. మా పెద్దవాడి కోసం నెలన్నర కూర్చుని అల్లిన మొదటి స్వెట్టర్‌ని బాగా మురికి పట్టిందని వేణ్ణీళ్ళలో సబ్బు పొడి వేసి నానబెట్టి, కాలర్ దగ్గర బ్రష్షుతో రుద్దాను. ఆరాక చూస్తే వాడి తల దూరలేదు. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే మీ టోపీ సంగతి చదవగానే ప్రాణం ఉసూరుమంది.

ఆ పక్క వాటా ఆవిడే అప్పుడు చెప్పారు, ఇది బట్ట అనుకోకు, జుట్టు అనుకో, జుట్టుకి ఏం చేస్తావో దీనికీ అదే చెయ్యి అని. నాకు ఇంతకన్నా మంచి సలహా ఇంకెవరూ ఇవ్వలేదు. ఉన్ని అంటే గొర్రె వెంట్రుకే, మన జుట్టూ గోళ్ళూ ఏ కెరాటిన్‌తో అవుతాయో అదీ దాంతోనే అవుతుంది. మన జుట్టుని మరిగే నీళ్ళలో పెట్టం, బట్టల సబ్బు పెట్టి రుద్దం, బండకేసి బాదం. గోరువెచ్చని నీళ్ళు పోసి, కుంకుడు రసం పట్టించి, మెల్లగా జాడించి, తువ్వాలు చుట్టి నీడన ఆరబెట్టుకుంటాం. స్వెట్టర్‌కి కూడా అచ్చంగా అంతే, నేను కింద రాసేదంతా దీనికి వివరణే.

టోపీ ఎందుకలా అయిందో ముందు చెప్తా. ఉన్ని వెంట్రుక మీద సన్నటి పొలుసులుంటాయి, పెంకుటింటి మీద పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, అన్నీ ఒకే వైపుకి తిరిగి. పొడిగా ఉన్నప్పుడు అవి అణిగి ఉంటాయి. వేడి నీళ్ళు తగిలితే వెంట్రుక ఉబ్బి పొలుసులు లేస్తాయి, సబ్బులో క్షారం ఉంటే ఇంకా లేస్తాయి, ఆ సమయంలో రుద్దితే పక్కపక్క వెంట్రుకలు ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి, పొలుసులన్నీ ఒకే దిక్కున ఉండటంతో జరిగింది మళ్ళీ వెనక్కి రాదు, అక్కడే ఇరుక్కుంటుంది. అలా వేల వెంట్రుకలు ఇరుక్కుంటే అల్లిక మొత్తం దగ్గరికి లాక్కుని అట్ట కట్టేస్తుంది. జడలు కట్టిన జుట్టు దువ్వెనకి ఎలా లొంగదో ఇదీ అంతే. ఇందులో నీళ్ళ తప్పేం లేదు, చాలామంది ఉన్నికి నీళ్ళే తగలకూడదనుకుంటారు, గొర్రె వానలో తడుస్తూనే ఉంటుంది కదా. వేడి, క్షారం, రాపిడి, ఇవి కలిస్తే చేటు, అందులోనూ రాపిడి అన్నిటికన్నా పెద్ద శత్రువు. మన కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఒత్తుగా దిట్టంగా ఉండి వానలో కూడా కాపరిని కాపాడుతుందే, వెంట్రుక వెంట్రుకని పట్టుకునే ఈ గుణమే అక్కడ వరం, మన స్వెట్టర్ దగ్గరికొచ్చేసరికి అదే తంటా.

టోపీ బాగుపడుతుందా అంటే, కుట్లు ఇంకా విడివిడిగా కళ్ళకి కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తుంటే కొంత ఆశ ఉంది. గోరువెచ్చని నీళ్ళలో తలకి రాసుకునే కండిషనర్ రెండు చెంచాలు కలిపి అరగంట నానబెట్టి, నీళ్ళు ఒత్తేసి, పాప తలకి సరిపోయే గిన్నె ఏదైనా బోర్లించి దానిమీద నెమ్మదిగా సాగదీస్తూ తొడిగి అలాగే ఆరనివ్వండి. ఒకేసారి లాగొద్దు, కొంచెం లాగి ఆపి మళ్ళీ లాగండి. ఒక సైజు వరకు రావచ్చు. కుట్లు కనపడకుండా కంబళి ముక్కలా అయిపోయి ఉంటే మాత్రం అది ఇక వెనక్కి రాదు, దాన్ని పీకి మళ్ళీ అల్లడం కూడా కుదరదు. అయినా పారేయకండి, అలా గట్టిపడిన ఉన్ని కత్తిరించినా పోగులు ఊడవు, పాపకి చిన్న బొమ్మో, అమ్మమ్మగారి గుర్తుగా సూదులు గుచ్చుకునే దిండో కుట్టుకోవచ్చు. నా మొదటి స్వెట్టర్ ముక్క ఇప్పటికీ నా కుట్టుపెట్టెలో సూదుల దిండుగా ఉంది.

ఇప్పుడు మిగతా రెండిటి సంగతి. ముందు అవి నిజంగా ఉన్నివేనా అన్నది తేల్చుకోవాలి. మనవాళ్ళు అల్లుకునే దారం ఏదైనా ఊలు అనే అంటారు, జనరల్ బజార్‌లో అడిగినా సుల్తాన్ బజార్‌లో అడిగినా ఊలు అనే ఇస్తారు, కానీ అందులో చాలావరకు యాక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్ దారం, దానికీ గొర్రెకీ సంబంధం లేదు. చలికాలం రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్లు కూడా ఎక్కువ అవే. మీ టోపీ కుంచించుకుపోయింది కాబట్టి అది ఉన్నే, యాక్రిలిక్ అలా అట్ట కట్టదు. పాప స్వెట్టర్ కూడా అదే ఊలైతే అదీ ఉన్నే. మీ ఆయన స్వెట్టర్ వేరే ఉండలతో అల్లి ఉండొచ్చు కాబట్టి దాన్ని పరీక్ష చేసుకోండి. లోపలి వైపు ముడేసి వదిలేసిన కొసలుంటాయి, ఒక అంగుళం కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని స్టీల్ ప్లేటు మీద అంటించండి. వెంట్రుక కాలిన కంపు వచ్చి, మంట తీయగానే తనంతట తానే ఆరిపోయి, మిగిలింది వేళ్ళతో నలిపితే పొడైపోతే అది ఉన్ని. కరిగి బొట్టు కట్టి, ఆరాక గట్టి నల్ల పూసలా మిగిలితే యాక్రిలిక్. ఆ బొట్టు వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకుని కాలుస్తుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే కలిపి వడికిన దారం, దాన్నీ ఉన్నిలాగే చూసుకోండి. యాక్రిలిక్ అని తేలితే మెషిన్లో మామూలు నీళ్ళతో జెంటిల్‌లో వేసుకోవచ్చు, ఇస్త్రీ మాత్రం పెట్టొద్దు, వేడి తగిలితే అల్లికలో ఉన్న స్ప్రింగు పోయి గుడ్డ పేలికలా వేలాడుతుంది, అది మళ్ళీ రాదు. సూపర్‌వాష్ అని ఇంకో రకం ఊలుంటుంది, పొలుసుల్ని క్లోరిన్‌తో తగ్గించి పైన సన్నటి పూత వేస్తారు, అది అట్ట కట్టదు గానీ తడిస్తే బాగా సాగుతుంది, దాన్ని ఆరబెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త పడాలి.

సబ్బు గురించి కొంచెం ఎక్కువే చెప్తా ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బట్టల సబ్బు బిళ్ళ, డిటర్జెంట్ పొడి, రెండిట్లోనూ క్షారం ఉంటుంది. పైగా ఇప్పుడొచ్చే చాలా పొడుల్లో, లిక్విడ్లలో మరకలు పోవడానికి ఎంజైములు కలుపుతున్నారు, వాటిలో ప్రోటీన్‌ని కరిగించేవి ఉంటాయి, పాలమరక ప్రోటీనే, ఉన్ని కూడా ప్రోటీనే, ఎంజైముకి తేడా ఏం తెలుస్తుంది. ఇక తెల్లబట్టలకి వాడే బ్లీచ్ అయితే ఒక్క చుక్క కూడా వద్దు, ఉన్ని పోగుని బ్లీచ్‌లో వేసి వదిలేస్తే కొన్ని గంటల్లో కరిగిపోతుంది.

మీ దగ్గరున్న లిక్విడ్ పనికొస్తుందో లేదో ఇంట్లోనే చూసుకునే ఉపాయం ఒకటుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది కదా, సున్నం క్షారం కాబట్టి. అందుకే ఒక తెల్ల గిన్నెలో చిటికెడు పసుపు నీళ్ళలో కలిపి, మీరు ఉతుకుదామనుకున్న సబ్బు నీళ్ళు కొన్ని అందులో పోయండి. పసుపు పచ్చగానే ఉంటే క్షారం పెద్దగా లేదు, ఎర్రగా, ఇటుక రంగులోకి తిరిగితే అది మీ స్వెట్టర్ దగ్గరికి రానివ్వొద్దు. ఎంజైములున్నాయా లేదా అన్నది దీనివల్ల తెలియదు, దానికి సీసా మీద రాసింది చదువుకోవాల్సిందే.

నేను వాడేది రెండే. ఒకటి ఊలు బట్టల కోసమే అమ్మే లిక్విడ్, ఈజీ లాంటిది, సీసా మీద రాసిన కొలతే వేస్తా, ఎక్కువ వేస్తే జాడించడం కష్టం, జాడించేకొద్దీ స్వెట్టర్‌ని కదిపినట్టే. రెండోది కుంకుడుకాయలు. పెద్ద స్వెట్టర్‌కి పదీ పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేసి, వేణ్ణీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఈ వడకట్టడం మాత్రం బద్ధకించొద్దు, తొక్క పిప్పి అల్లికలో ఇరుక్కుంటే తీయడం మహా కష్టం. కుంకుడు రసంలో క్షారం ఉండదు, పట్టుచీరలకీ అందుకే వాడేవాళ్ళు. కాకపోతే ఆ రసం గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి పాప తెల్ల స్వెట్టర్‌కి వద్దు, పైగా సరిగ్గా జాడించకపోతే పసిపిల్ల కళ్ళలో మండుతుంది, దానికి లిక్విడే వాడండి. మీ ఆయన స్వెట్టర్‌లో కూడా తెలుపుంది కాబట్టి దానికీ లిక్విడే మేలు. ఇంట్లో ఏదీ లేకపోతే మామూలు షాంపూ ఒక చెంచా వేసుకున్నా పనవుతుంది, జుట్టే కదా.

బోరు నీళ్ళు అన్నారు. మీ నిజాంపేట, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి బకెట్ అంచున తెల్లగా చార కట్టడం చూస్తే నీళ్ళు ఎంత కఠినమో తెలిసిపోతుంది. అలాంటి నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెట్టులా తేలి ఉన్నిలో పేరుకుంటుంది, ఆరాక స్వెట్టర్ బిరుసుగా అనిపించేది ఆ తెట్టు వల్లే. ఊలు లిక్విడ్‌కి, కుంకుడుకి ఆ ఇబ్బంది తక్కువ. చివరి జాడింపుకి మాత్రం మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో నల్లా వచ్చిన రోజు ఒక బకెట్ పట్టి పెట్టుకోండి. చాలామంది ఆర్వో నుంచి పక్కకి పోయే నీళ్ళు వృథా ఎందుకని బట్టలకి వాడతారు, నేల తుడవడానికి బాగుంటాయి గానీ ఉన్నికి వద్దు, ఫిల్టర్ వదిలేసిన ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. చివరి బకెట్‌లో ఒక చెంచా వెనిగర్ వేస్తే మిగిలిన క్షారం విరిగి పోగు మెత్తబడుతుంది, ఆరాక ఆ వాసన ఉండదు.

ఇక ఉతికే పద్ధతి. ముందు పాత దుప్పటి నేల మీద పరిచి, స్వెట్టర్‌ని దాని మీద సరిగ్గా పెట్టి చుట్టూ చాక్‌పీసుతో గీత గీయండి, చేతుల పొడవు, వెడల్పు అన్నీ. తర్వాత దీని అవసరం ఉంటుంది. గుండీలు పెట్టేసి, లోపలి వైపు పైకి తిప్పండి. మీ చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి, పోగు లేచేది ఎక్కువ వాటికి తగిలే. వెడల్పాటి టబ్బులో ఎనిమిది పది లీటర్ల నీళ్ళు, ముప్పై డిగ్రీల దగ్గర, అంటే ముంజేతి మీద పోసుకుంటే వేడనీ చలనీ తెలియకూడదు, పాపకి స్నానానికి తొరిపిన దానికన్నా ఒక చెంబు చన్నీళ్ళు ఎక్కువ అనుకోండి. మన హైదరాబాద్‌లో ఇంకో సంగతి, మార్చి దాటాక మధ్యాహ్నం పూట టెర్రస్ మీద ట్యాంకు నీళ్ళు చేయి పెట్టలేనంత కాలుతుంటాయి, గీజర్ వేయలేదు కదా అని నేరుగా నల్లా తిప్పేయొద్దు, పొద్దున్నే పట్టిపెట్టుకోండి. లిక్విడ్ ముందు నీళ్ళలో కలిపాకే స్వెట్టర్ వేయాలి, స్వెట్టర్ మీద పోయకూడదు, నల్లా ధార కూడా దాని మీద పడకూడదు.

నీళ్ళలో వేసి అరచేతులతో మెల్లగా ముంచండి, గాలి బుడగలు పోయి తనంతట తాను మునుగుతుంది. పావుగంట అలా వదిలేసి మీ పని చూసుకోండి. మురికి నీళ్ళే లాగేస్తాయి, నమ్మండి. మనకి చేయి ఊరుకోదు, రుద్దకపోతే ఉతికినట్టే ఉండదు, కానీ ఇక్కడ ఆ చేతిని ఆపుకోవడమే ఉతకడం. పావుగంటయ్యాక అక్కడక్కడ అరచేత్తో నొక్కి వదలండి, స్పాంజిని నొక్కినట్టు, అంతకు మించి ఏమీ వద్దు. తడి గొర్రె వాసన కొంచెం వస్తుంది, కంగారు పడకండి, ఆరితే పోతుంది.

తీసేటప్పుడు భుజాలు పట్టుకుని పైకి లేపారా, అంతే సంగతులు. తడిసిన ఉన్ని దాని బరువుకి రెండు మూడింతలు నీళ్ళు పట్టుకుంటుంది, ఆ బరువుకి పోగులు సాగి చేతులు మోకాళ్ళ దాకా వస్తాయి. స్నానం చేయించిన పసిపాపని ఎత్తినట్టు కింద నుంచి రెండు చేతులూ వేసి మొత్తం ముద్దగా ఎత్తి, ఒత్తి, పక్క బకెట్‌లో పెట్టండి. జాడించే నీళ్ళు కూడా అదే వెచ్చదనంలో ఉండాలి, వెచ్చటి నుంచి ఒక్కసారి చన్నీళ్ళలోకి వేయొద్దు. రెండు మూడు సార్లు నీళ్ళు మార్చితే చాలు.

మెరూన్ తెలుపు కలిసి ఉంది కాబట్టి మీకు రంగు భయం కూడా ఉంది. ముందుగా లోపలి వైపు మెరూన్ మీద తడి తెల్లగుడ్డ ఐదు నిమిషాలు అదిమి చూడండి. రంగు అంటితే ఆ స్వెట్టర్‌ని పావుగంట నానబెట్టొద్దు, గోరువెచ్చన కూడా వద్దు, చల్లటి నీళ్ళలోనే మూడు నాలుగు నిమిషాల్లో మొత్తం కానిచ్చేసి, జాడించే నీళ్ళు కూడా చల్లటివే తీసుకుని, వెంటనే తువ్వాలులో చుట్టేయాలి. రంగు దిగేది ఎక్కువగా తడిగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నప్పుడే, కాబట్టి తడి స్వెట్టర్‌ని టబ్బులో వదిలేసి ఫోను మాట్లాడటానికి పోకండి.

మెలిపెట్టి పిండటం అన్న మాటే వద్దు. పెద్ద తువ్వాలు పరిచి, దానిమీద స్వెట్టర్ పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి, పైనుంచి మోకాళ్ళతో నొక్కండి. తువ్వాలు మార్చి ఇంకోసారి. సెమీ ఆటోమేటిక్ మెషిన్ ఉన్నవాళ్ళు దిండు గలీబులో మూటకట్టి డ్రయర్‌లో ఒక్క నిమిషం తిప్పుకోవచ్చు, అందులో గిరగిరా తిరగడమే తప్ప రాపిడి ఉండదు కాబట్టి పర్లేదు. ఆ తర్వాత చాక్‌పీసు గీసిన దుప్పటి మీద పరిచి, గీతకి సరిపోయేలా చేతులతో సర్దండి, ఎక్కడ ముడుచుకుందో అక్కడ లాగండి, ఎక్కడ సాగిందో అక్కడ దగ్గరికి నెట్టండి, రిబ్బు గళ్ళు వేళ్ళతో దగ్గర చేయండి. తడి ఉన్ని ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే నిలబడుతుంది, అమ్మమ్మగారు ఇచ్చిన కొలత మళ్ళీ ఇక్కడే వస్తుంది. దండెం మీద వేయొద్దు, హ్యాంగర్ వద్దు. ఊళ్ళో అయితే నవారు మంచం అన్నిటికన్నా మంచిది, కిందా పైనా గాలి ఆడుతుంది, అపార్ట్‌మెంట్‌లో బట్టల స్టాండు అడ్డంగా పరిచి దానిమీద దుప్పటి వేసుకోండి, ఫ్యాను కింద పెట్టండి. ఎండ వద్దు, తడిగా ఉన్నప్పుడు ఎండ తగిలితే తెల్ల ఉన్ని పసుపు పచ్చగా మారుతుంది, రంగు ఉన్ని వెలిసిపోతుంది. బాల్కనీలో పెడితే పైన పల్చటి గుడ్డ కప్పండి, మన పావురాల సంగతి మీకు తెలుసు కదా. జనవరిలో అయితే ఒకటిన్నర రోజులో ఆరుతుంది, సగం ఆరాక తిరగేయండి.

మెషిన్ వూల్ మోడ్ మిల్లులో చేసిన స్వెట్టర్లకి, వాటి లేబుల్ మీద మెషిన్ గుర్తు ఉంటే, బాగానే ఉంటుంది. చేత్తో అల్లినవి వదులుగా ఉంటాయి, ఏ ఊలో ఎవరికీ తెలియదు, నేనైతే వేయను. డ్రై క్లీనింగ్ వల్ల ఉన్ని అట్ట కట్టదు, ఆ మాట నిజమే, కానీ పసిపిల్ల వేసుకునే వాటికి ఆ రసాయనాలు ఎందుకు. పైగా ఇంకో బాధ ఉంది, ఒకసారి నేను ఎత్తుగా జడల డిజైన్ వేసి అల్లినదాన్ని ఒక లాండ్రీకి ఇస్తే శుభ్రంగానే చేశారు గానీ పైన బరువైన ఇస్త్రీ పెట్టి జడలన్నీ అప్పడంలా నొక్కేశారు. ఇస్త్రీ తప్పనిసరైతే పైన తడిగుడ్డ పరిచి, పెట్టెని గుడ్డకి ఆనీ ఆనకుండా ఆవిరి మాత్రమే తగలనివ్వాలి.

ఎన్నిసార్లు ఉతకాలి అంటే, మనకి గట్టిగా చలి ఉండేదే ఆరు ఎనిమిది వారాలు, పెద్దవాళ్ళది సీజన్‌కి ఒకటి రెండు సార్లు చాలు. వేసుకున్న ప్రతిసారీ విప్పి ఒక రాత్రి గాలికి పరిస్తే వాసన పోతుంది. పిల్లలవి పాలు కక్కుతారు కాబట్టి ఎక్కువసార్లు పడుతుంది, అయినా మొత్తం ఉతికే ముందు ఆ ఒక్క చోట చల్లటి నీళ్ళతో తడిపి అద్ది చూడండి, పాలమరకకి వేడి నీళ్ళు తగిలితే గడ్డకట్టి ఉండిపోతుంది. మనిళ్ళలో ఇంకో మరక కాలర్ దగ్గర, టోపీ లోపల కొబ్బరినూనె. దానికి ఉతికే ముందు రోజు రాత్రి టాల్కం పౌడర్ చల్లి ఉంచి, పొద్దున మెత్తటి బ్రష్షుతో దులిపేయండి, నూనె చాలావరకు అదే పీల్చుకుంటుంది. పెద్దవాళ్ళ వాటికే ఇది, పాప చుట్టుపక్కల పౌడర్ ఎగరనివ్వకండి.

చంకల కింద, నడుము పక్కల చిన్న చిన్న ఉండలు కడుతున్నాయని కొందరు ఇది నాసిరకం ఊలు అంటారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంటుంది ఆ మాట. ఉన్ని అన్నాక పొట్టి వెంట్రుకలు రాపిడికి పైకొచ్చి చుట్టుకుంటాయి, రెండు మూడు ఉతుకుల తర్వాత తగ్గుతాయి. చేత్తో పీకితే లోపలి వెంట్రుకలు కూడా వచ్చి ఇంకా ఎక్కువవుతాయి. బల్ల మీద పరిచి చిన్న కత్తెరతో కత్తిరించండి, లేదా బ్యాటరీతో నడిచే షేవర్ దొరుకుతుంది, దాన్ని అదమకుండా తేలిగ్గా నడపండి.

దాచడం గురించి చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి. పాప బట్టల్లో కలరా ఉండలు వద్దే వద్దు. అవి నాఫ్తలీన్. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, అది ఉన్నట్టు మనకి ముందు తెలియదు, అలాంటి పిల్లలకి ఆ ఉండల వాసన పట్టిన బట్టలు తొడిగితే ఒంట్లో ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు, రక్తహీనత రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పాత బీరువాలోంచి ఆ వాసనతో తీసిన బట్టలేవైనా ఉంటే రోజుల తరబడి గాలికి ఆరబెట్టి ఉతికినా నేనైతే పసిపిల్లకి తొడగను. తొడిగాక పాప పచ్చబడినట్టు, మూత్రం ముదురు రంగులో వచ్చినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. పాకే వయసు కూడా వస్తోంది, ఆ ఉండ తెల్లగా పిప్పరమెంటులా ఉంటుంది, నోట్లో పెట్టేసుకుంటారు. కర్పూరం బిళ్ళలు కూడా అందుకే వద్దు.

మరి పురుగు ఎలా అంటే, ఉన్ని తినేది ఎగిరే చిమ్మట కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పురుగు. దానికి ఉన్నితో పాటు చెమట, పాలు, అన్నం మరకలు ఉంటే మరీ ఇష్టం. శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక దాచిన స్వెట్టర్‌కి సగం భయం తీరినట్టే, ఒక్కసారి వేసుకున్నదే కదా అని ఉతక్కుండా పెట్టేవాటికే చిల్లులు పడతాయి. మడతపెట్టి పాత నూలు చీర ముక్కలోనో దిండు గలీబులోనో మూటకట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టాలంటే ఎముక ఎండినట్టు ఆరి ఉండాలి, లేదంటే జులై ఆగస్టు ముసుర్లో లోపల చెమ్మ పట్టి బూజు వాసన వస్తుంది. ఎండిన వేపాకు వేసుకుంటే వేసుకోండి, మా అత్తగారు వేసేవారు, చిమ్మట రావడం కొంత తగ్గుతుందంటారు గానీ లోపల పురుగుంటే అది చావదు. పురుగు అనుమానం ఉంటే జిప్ కవర్లో గాలి తీసి బిగించి డీప్ ఫ్రీజర్‌లో కనీసం వారం ఉంచండి, బయటికి తీశాక కవర్ విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వండి, లేదంటే చెమ్మంతా స్వెట్టర్ మీదే దిగుతుంది. వానాకాలం మధ్యలో ఒకసారి, దసరాకి ఒకసారి మూట విప్పి దులిపి మడత మార్చి పెట్టండి, పురుగులకి కదలికా వెలుతురూ పడవు, ఎప్పుడూ ఒకే చోట మడత ఉండటం వల్ల వచ్చే గీత కూడా పడదు.

మిగిలింది మోచేతి దగ్గర లేచిన పోగు, దాన్ని ఉతకక ముందే సరిచేయండి. కత్తిరించొద్దు, కత్తిరిస్తే అక్కణ్ణుంచి కుట్లు కిందికి జారిపోతాయి. ముందు ఆ పోగుకి అటూ ఇటూ ఉన్న కుట్లని సూది మొనతో ఒక్కొక్కటిగా మెల్లగా లాగుతూ లేచిన పొడుగుని వాటిల్లోకి పంచండి, చాలావరకు సర్దుకుంటుంది. ఇంకా మిగిలితే సన్న క్రోషే సూదిని లోపలి వైపు నుంచి దూర్చి ఆ పోగుని లోపలికి లాగేయండి. పోగు అప్పటికే తెగి ఉంటే ఆ కుట్టుకి వెంటనే ఒక పిన్నీసు పెట్టి జారకుండా ఆపండి, అమ్మమ్మగారి దగ్గర అదే మెరూన్ ఊలు మిగిలి ఉంటుంది, చిన్న ఉండ పంపమని అడగండి. అది రాగానే రఫ్ఫు చేసేయకుండా ముందు ఆ ఊలుని విడిగా ఇదే పద్ధతిలో ఉతికి ఆరబెట్టండి, కొత్త ఊలు మొదటి ఉతుకులో కొంచెం ముడుచుకుంటుంది, రంగు కూడా ఒక ఛాయ దిగుతుంది, అలా ఉతికిన దారంతో కుడితేనే కుట్టిన చోటు విడిగా కనపడదు.